పిస్తోలుకు ముందు తూటా: జాన్ బ్రౌనింగ్ జీవిత గాథ

జేబులో ఇమిడిపోయే చిన్న పిస్తోలు ఏ దేశంలో తయారైనా, దానిపై ఏ కంపెనీ ముద్ర ఉన్నా, లోపలి పనితనంలో పెద్దభాగం ఒక్క మనిషి మేధస్సు నుండి వచ్చినదే. ఆయన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. అమెరికాలోని యూటా ప్రాంతంలో ఒక మారుమూల పట్టణంలో కంసాలి కొలిమి వంటి దుకాణంలో పెరిగి, బెల్జియంలో పనిబల్ల వద్దనే ప్రాణం విడిచిన ఈ వ్యక్తికి 128 పేటెంట్లు ఉన్నాయి. ఫ్రెంచి భాషలో ఒకానొక కాలంలో పిస్తోలు అనడానికి బదులు బ్రౌనింగ్ అనే అనేవారు. తుపాకీని కనిపెట్టినవారి పేర్లు చరిత్రలో చాలా ఉన్నాయి. తుపాకీతో పాటు దానికి తగిన తూటాను కూడా తానే కొలతలు వేసి నిలబెట్టినవారు మాత్రం అరుదు. బ్రౌనింగ్ ప్రత్యేకత అక్కడే ఉంది.

ఆయన తండ్రి జోనాథన్ బ్రౌనింగ్ కూడా తుపాకులు చేసే వృత్తిలోనివాడే. మోర్మన్ మతాన్ని స్వీకరించి, ఆ మతస్థులతో పాటు పడమటి దిశగా వలస వెళ్ళి, 1852లో యూటా చేరి ఆగ్డెన్ అనే పట్టణంలో స్థిరపడ్డాడు. చదరపు ఉక్కు పలకలో వరుసగా గదులు తొలిచి, ప్రతి గదిలోనూ మందు, గుండు నింపి, ఆ పలకను ప్రక్కకు జరుపుతూ ఒకదాని తరువాత ఒకటి పేల్చగల తుపాకీని ఆయన తయారుచేశాడు. ముగ్గురు భార్యలు, ఇరవై ఇద్దరు సంతానం. అటువంటి ఇంట 1855 జనవరి 23న జాన్ జన్మించాడు. బాల్యం అంతా ఇనుప తుక్కు మధ్య, ఆకురాళ్ళ మధ్య గడిచింది. పదేళ్ళ ప్రాయంలో పనికిరాదని పారవేసిన ఒక పాత గొట్టానికి కర్రచెక్క అమర్చి, తమ్ముడు మ్యాట్‌ను వెంటబెట్టుకొని పిట్టల వేటకు వెళ్ళాడని ఆ కుటుంబం చెప్పుకొనే కథ. కథలోని వివరాల మాట ఎలా ఉన్నా, పాడైన వస్తువును చూస్తే అది ఎందుకు పాడైందో విప్పి చూడాలన్న తపన ఆ వయసు నుండే ఆయనకు ఉండేది.

1879వ సంవత్సరం ఆ జీవితంలో మలుపు. ఆ ఏడు తండ్రి మరణించాడు. అదే ఏడు రేచెల్ థెరీసా చైల్డ్‌తో వివాహం జరిగింది. అదే ఏడు అక్టోబరు 7న, ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే రైఫిలుకు తొలి పేటెంటు చేతికి వచ్చింది. అన్నదమ్ములందరూ కలిసి ఆగ్డెన్‌లో చిన్న కర్మాగారం నెలకొల్పి ఆ రైఫిళ్ళు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. వాటిలో ఒకటి వించెస్టర్ కంపెనీ వారి కంటబడింది. 1883లో ఆ కంపెనీ పెద్ద టి.జి. బెన్నెట్ రైలెక్కి ఆగ్డెన్ వరకు వచ్చి, 8,000 డాలర్లకు హక్కులు కొనుక్కున్నాడు. ఆ తరువాత పందొమ్మిదేళ్ళ పాటు బ్రౌనింగ్ వరుసగా నమూనాలు ఇవ్వడం, వించెస్టర్ కొనుక్కోవడం అనే వ్యవహారం సాగింది. ఆ నమూనాలలో కొన్నింటిని ఆ కంపెనీ ఎన్నడూ తయారుచేయలేదు. పోటీదారుల చేతికి పోకుండా ఉంటే చాలనుకొని కొన్నది. 1887 నుండి రెండేళ్ళు మాత్రం ఆయన పని పక్కనపెట్టి మతప్రచారకుడిగా జార్జియా రాష్ట్రంలో తిరిగాడు.

తిరిగి వచ్చిన 1889లోనే మరో విశేషం జరిగింది. ఆగ్డెన్‌లో గురిపందెం చూస్తుండగా, తుపాకీ పేలిన ప్రతిసారీ గొట్టం కొస ముందు ఉన్న గడ్డి పరకలు వంగి లేవడం ఆయన గమనించాడు. చూసినవారు ఎందరో ఉన్నారు. గడ్డిని వంచుతున్న ఆ వాయువు వ్యర్థంగా పోతున్న శక్తి అని గుర్తించినవాడు ఆయన ఒక్కడే. ఆ శక్తితోనే ఖాళీ తొడుగును బయటికి విసిరి కొత్త తూటాను గదిలోకి నెట్టవచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఆ ఆలోచన నుండి కోల్ట్ కంపెనీ వారి 1895 నాటి మిషన్‌గన్ వచ్చింది. ఆ తరువాత ఆయన దృష్టి పిస్తోలు మీదికి మళ్ళింది.

ఇక్కడ కొంత యంత్ర రహస్యం చెప్పుకోవాలి. లేకపోతే బ్రౌనింగ్ సాధించినదేమిటో అర్థం కాదు. రివాల్వరులో తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే చాలు, చక్రం తిరిగి మరో తూటా ఎదురుగా వస్తుంది. చక్రాన్ని తిప్పేది మనిషి వేలు. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో అలా కాదు. అక్కడ పనిచేసేది తూటాయే. తూటా పేలిన బలం గుండును ముందుకు, ఇత్తడి తొడుగును వెనక్కు నెడుతుంది. వెనక్కు వచ్చే తొడుగు తనతో పాటు స్లైడును, అంటే పిస్తోలు పైభాగాన జారే ఉక్కు కవచాన్ని, వెనక్కు తోస్తుంది. ఖాళీ తొడుగు ప్రక్కకు ఎగిరిపోతుంది. స్ప్రింగు స్లైడును తిరిగి ముందుకు తెస్తుంది. వస్తూ వస్తూ అది మ్యాగజైనులోని కొత్త తూటాను గదిలోకి తోస్తుంది. తూటాలో మందు బలం తగ్గితే స్లైడు సగం దూరమే వెళ్ళి ఆగుతుంది, ఖాళీ తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది. బలం మించితే స్ప్రింగు, ఉక్కు దెబ్బతింటాయి. గుండు మెత్తని సీసమైతే లోపలికి దూరేటప్పుడు వంకరపోతుంది. అందువల్ల ఈ రకం ఆయుధానికి తూటా కేవలం ఆహారం కాదు, యంత్రంలోని ఒక భాగం. పిస్తోలు ఎంత చిన్నదైతే ఈ లెక్క అంత కఠినం. స్లైడు తేలిక, దాని ప్రయాణం పొట్టి, తప్పుకు చోటు తక్కువ.

నల్లమందు కాలంలో ఇది సాధ్యమయ్యేది కాదు. ఊళ్ళలో నాటు తుపాకీలను ఎరిగినవారికి ఆ మసి, ఆ పొగ తెలుసు. నాలుగు దెబ్బలకే గొట్టం పూడుకుపోతుంది. 1880వ దశకంలో పొగలేని మందు వచ్చాకనే తనంత తాను నిండుకునే పిస్తోలుకు దారి ఏర్పడింది. బ్రౌనింగ్ ఆ అవకాశాన్ని పట్టుకున్నాడు. 1897 ఏప్రిల్ 20న ఆయనకు పిస్తోళ్ళ మీద ఒకేసారి నాలుగు పేటెంట్లు లభించాయి. అదే ఏడు బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం తరఫున హార్ట్ బెర్గ్ అనే వ్యక్తి అమెరికా వచ్చి ఒక చిన్న నమూనాను చూసి ఒప్పందం కుదుర్చుకున్నాడు. లీజ్ నగరం ప్రక్కన హెర్‌స్టాల్‌లో 1889లో పుట్టిన ఆ కర్మాగారం అప్పటికి సరైన సరుకు లేక ఇబ్బంది పడుతున్నది. బ్రౌనింగ్ పిస్తోలు దానిని నిలబెట్టింది.

ఆ పిస్తోలుతో పాటు బ్రౌనింగ్ ఇచ్చిన తూటాయే 7.65 మిల్లీమీటర్ల బ్రౌనింగ్. 1899లో వెలువడిన ఈ తూటాను అమెరికాలో కోల్ట్ కంపెనీ .32 ఏ.సి.పి. అని పిలిచింది. రెండూ ఒకటే. గుండుకు రాగి మిశ్రమపు తొడుగు వేయడం వల్ల అది వంకరపోకుండా జారుతుంది. తొడుగు అడుగున మాత్రం చాలా సన్నని అంచును ఉంచాడు. గదిలో తూటా ఎంత లోతుకు వెళ్ళి ఆగాలో నిర్ణయించేది ఆ అంచే. అది ఆనాటికి తెలివైన ఏర్పాటు. అయితే అందులో ఒక చిక్కు దాగి ఉన్నది. మ్యాగజైనులో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనుకకు పడిందా, రెండూ కొక్కెం పెట్టుకున్నట్టు బిగుసుకుపోతాయి. బ్రౌనింగ్ నిర్ణయించిన పొడవులో ఉన్న గుండ్రని ముక్కు తూటాలకు మ్యాగజైనులో అటు ఇటు కదిలే చోటు ఉండదు కనుక ఈ బాధ అరుదు. తరువాతి కాలంలో కొన్ని కంపెనీలు ముక్కు బోలుగా ఉన్న పొట్టి గుండ్లతో ఇదే తూటాను తయారుచేశాయి. ముందున్న ఖాళీలో అవి కదిలి బిగుసుకుంటాయి. ఒకే పిస్తోలు ఒక కంపెనీ తూటాతో వందసార్లు చక్కగా పేలి, మరో కంపెనీ తూటాతో మూడోసారికే మొరాయించడంలో వింత లేదు. యూరప్ కంపెనీలు ఈ తూటాలో అమెరికా కంపెనీల కన్నా సాధారణంగా కొంచెం ఎక్కువ బలం నింపుతాయన్నది మరో కారణం. నింద మాత్రం ఎప్పుడూ పిస్తోలు మీదనే పడుతుంది!

బ్రౌనింగ్ ఈ చిక్కును ఎరిగినవాడే అనుకోవాలి. 1908లో వచ్చిన .380 తూటాలో ఆ పొడుచుకు వచ్చిన అంచును తీసివేశాడు. అంతకుముందు 1905లో ఇంకా చిన్న పిస్తోలు కోసం .25 తూటాను ఇచ్చినప్పుడు ఆయన చూపిన వివేకం కూడా గమనింపదగినదే. అంత బలం గల .22 తూటా అప్పటికే చవకగా దొరికేది. కాని .22లో నిప్పు రేపే పదార్థం అడుగు అంచు చుట్టూ సన్నగా పరచి ఉంటుంది. ఒకచోట పలచబడితే ఆ దెబ్బ తప్పిపోతుంది. మధ్యలో క్యాపు ఉన్న తూటా అంతకన్నా నమ్మకమైనది. ఖరీదు ఎక్కువైనా సరే, ఆయన నమ్మకం వైపే మొగ్గాడు.

1902లో వించెస్టర్‌తో సంబంధం తెగిపోయింది. తనంత తాను నిండుకునే షాట్‌గన్‌ను తయారుచేసి, ఈసారి ఒకేసారి డబ్బు కాక అమ్మిన ప్రతి తుపాకీ మీద వాటా ఇవ్వాలని బ్రౌనింగ్ కోరాడు. బెన్నెట్ ఒప్పుకోలేదు. బ్రౌనింగ్ రెమింగ్టన్ కంపెనీకి వెళ్ళాడు. 1902 జనవరి 8న ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీ పిలుపు కోసం కార్యాలయంలో కూర్చొని ఉండగా, ఆ రోజే హార్ట్‌లీ గుండె ఆగి మరణించాడన్న వార్త వచ్చింది. ఆయన నమూనాను తీసుకొని ఓడ ఎక్కి బెల్జియం వెళ్ళాడు. ఎఫ్.ఎన్. కంపెనీకి ఆ తుపాకీ ఎంతగానో నచ్చింది. తానే 10,000 తుపాకులకు ఆర్డరు పెట్టాడు. ఆటో-5 అని పేరు పొందిన ఆ తుపాకీలో కూడా తూటా మీద ఆయనకున్న ధ్యాస కనబడుతుంది. బలమైన తోటాలు వేసేటప్పుడు ఒక విధంగా, తేలికవి వేసేటప్పుడు మరో విధంగా అమర్చుకునేందుకు లోపల ఉంగరాలను ఏర్పాటుచేశాడు. కొన్నవాడు తాను ఏ తోటా వేస్తున్నాడో తెలుసుకొని ఆ ఉంగరాన్ని మార్చుకోవాలి. తెలియకపోతే భుజం నొప్పిపెడుతుంది, లేదా తుపాకీ నిండుకోదు.

ఇక 1911. అమెరికా సైన్యం కొత్త పిస్తోలును ఎన్నుకోవడానికి మార్చి నెలలో పరీక్ష పెట్టింది. రెండు రోజులలో 6,000 తూటాలు. గొట్టం చేతితో తాకలేనంత వేడెక్కితే నీళ్ళలో ముంచి మళ్ళీ పేల్చారు. పోటీలో ఉన్న సావేజ్ కంపెనీ పిస్తోలు 37 సార్లు మొరాయించింది. కోల్ట్ తయారుచేసిన బ్రౌనింగ్ పిస్తోలు ఒక్కసారి కూడా ఆగలేదు. మార్చి 29న దానినే సైన్యం స్వీకరించింది. .45 తూటా కూడా ఆయన కొలతలదే. పిస్తోలును, తూటాను ఒకే చేయి మలిచినప్పుడు ఏమవుతుందో ఆ రెండు రోజులు చూపాయి.

ఆయన పిస్తోళ్ళు చరిత్రలో మంచికీ చెడుకీ సాక్షులయ్యాయి. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపిన గావ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది .380 తూటా వాడే ఎఫ్.ఎన్. 1910 నమూనా. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ రెండు గుండ్లే నిప్పు పెట్టాయి. మన దక్షిణాదిన 1911 జూన్ 17న మణియాచ్చి రైల్వే స్టేషనులో కలెక్టరు ఆష్‌ను కాల్చి, ఆ వెంటనే తనను తాను కాల్చుకున్న వాంచినాథన్ చేతిలోనిది బెల్జియం బ్రౌనింగ్. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర ఆజాద్ కడసారి పట్టినది కోల్ట్ 1903 నమూనా, .32 తూటాది, అది నేడు అలహాబాదు మ్యూజియంలో ఉన్నది. 1948 జనవరి 30న మహాత్ముని పొట్టన పెట్టుకున్న ఇటలీ బెరెట్టాలోని తూటా కూడా, పేరు వేరైనా, బ్రౌనింగ్ 1908లో రూపొందించిన ఆ .380 తూటాయే. వీటిలో దేనినీ ఆయన కోరలేదు. అయినా ఆ జీవితాన్ని చెప్పేటప్పుడు వీటిని విడిచిపెట్టడం న్యాయం కాదు.

మన దేశంలో ఆయన .32 తూటాకు విచిత్రమైన స్థానం ఏర్పడింది. 9 మిల్లీమీటర్లు, .38, .45 వంటి సైనిక, పోలీసు తూటాలు వాడే ఆయుధాలు సామాన్య పౌరులకు నిషిద్ధం. అందుచేత ప్రపంచంలో చాలాచోట్ల పాతబడిపోయిన .32 ఇక్కడ ఇంకా బ్రతికి ఉన్నది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అశని అనే పేరుతో .32 పిస్తోలును తయారుచేసింది. తూటాలు పూనా దగ్గరి ఖడ్కీ కర్మాగారానివి, అడుగున కె.ఎఫ్. అన్న అక్షరాలు ఉంటాయి. 2021 అక్టోబరులో ఆర్డ్నెన్సు ఫ్యాక్టరీ బోర్డు రద్దయ్యాక ఖడ్కీ తూటాల కర్మాగారం మ్యూనిషన్స్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ కిందికి వచ్చింది. 1980వ దశకంలో విదేశీ ఆయుధాల దిగుమతికి కట్టడి పడినందున, తాతల నాటి వెబ్లీలు, కోల్టులు, వాల్తర్లు లైసెన్సుతో పాటు వారసులకు చేతులు మారుతూ వచ్చాయి. యూరప్ తూటా కోసం పుట్టిన పాత స్ప్రింగుకు నేటి తూటా నప్పుతుందా అన్నది వారికి పుస్తకాలలోని ప్రశ్న కాదు.

కాడుగోడి సంగతే తీసుకోవచ్చు. రాగి చేల మధ్య ఉన్న ఈ ఊరు నేడు బెంగళూరు నగరంలో కలిసిపోయింది. 2023 మార్చి నుండి మెట్రో రైలు కూడా వచ్చింది. ఇక్కడి తెలుగు కుటుంబాల బంధుత్వాలు మాలూరు, బంగారుపేట మీదుగా కుప్పం దాకా, ఇటు హోసూరు దాకా వ్యాపించి ఉంటాయి. కాడుగోడివానికి ఆయుధపు లైసెన్సు ఇచ్చేది బెంగళూరు నగర పోలీసు కమిషనరు. మాలూరువానికి కోలారు జిల్లా అధికారి, కుప్పంవానికి చిత్తూరు జిల్లా అధికారి, హోసూరువానికి కృష్ణగిరి జిల్లా అధికారి. కర్ణాటకకు మాత్రమే చెల్లే లైసెన్సుతో పిస్తోలు నడుముకు పెట్టుకొని కుప్పంలో పెళ్ళికి వెళితే అది నేరమే అవుతుంది. ఆ పెళ్ళిలో సంబరానికి గాలిలోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సుదారుడు కాలం చేస్తే ఆయుధాన్ని ఇంటి పెట్టెలో ఉంచుకోరాదు. పోలీసు స్టేషనులోనో లైసెన్సు గల దుకాణంలోనో జమచేసి, వారసుడు తన పేరిట లైసెన్సు కోరాలి.

ఆ పెట్టెలో ఆయుధంతో పాటు దొరికే పాత తూటాల మాట కూడా ఉన్నది. తోలు పట్టీలో ఏళ్ళ తరబడి ఉంచిన ఇత్తడికి ఆకుపచ్చని చిలుము పడుతుంది. తేమ చేరిన క్యాపు పేలకపోవచ్చు, లేదా క్షణం ఆగి పేలవచ్చు. ట్రిగ్గర్ నొక్కినా పేలలేదని వెంటనే పిస్తోలును తనవైపు తిప్పి చూసేవాడు చాలా పెద్ద ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటాడు. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి, అర నిమిషమైనా ఆగి, ఆ తరువాతనే తూటా తీయాలి. పేలిన శబ్దం మందకొడిగా వచ్చినా ఆగవలసిందే. గుండు గొట్టంలోనే నిలిచిపోయి ఉండవచ్చు. దాని వెనుక మరొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది. మరొక పొరపాటు పేరు వల్ల వస్తుంది. .32 రివాల్వరు తూటా, .32 పిస్తోలు తూటా ఒకటి కావు. రివాల్వరు తూటాకు వెడల్పైన అంచు, ఎక్కువ పొడవు ఉంటాయి. అది బ్రౌనింగ్ తూటా కాదు. పెట్టెపై అంకె ఒక్కటే చూసి కొనేవారు దీనిని గమనించాలి.

1917లో అమెరికా యుద్ధంలో దిగినప్పుడు బ్రౌనింగ్‌కు 62 ఏళ్ళు. ఆయన మిషన్‌గన్‌ను స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పరీక్షించగా 20,000 తూటాలు ఎక్కడా ఆగకుండా పేలాయి. నమ్మలేని అధికారుల కోసం ఆయన మరో 20,000 పేల్చి చూపించాడు. ప్రభుత్వం 7,50,000 డాలర్లు ఇవ్వజూపితే, వాటాల రూపంలో అంతకు ఎన్నో రెట్లు రావలసి ఉన్నా, బేరమాడకుండా ఒప్పుకున్నాడు. కుమారుడు వాల్ సైన్యంలో చేరి ఫ్రాన్సులో ఆ తుపాకుల వాడకం నేర్పాడు. చిన్ననాట పిట్టల వేటకు వెంట వచ్చిన తమ్ముడు మ్యాట్ 1923లో మరణించాడు.

1926 నవంబరు 26న హెర్‌స్టాల్‌లోని ఎఫ్.ఎన్. కర్మాగారంలో పనిచేస్తుండగా ఛాతీలో నొప్పి వచ్చింది. కుమారుని గదిలో పడుకోబెట్టారు. అక్కడే, 71వ ఏట, కన్నుమూశాడు. అప్పటికి బల్లపై సగంలో ఉన్నది ఒక 9 మిల్లీమీటర్ల పిస్తోలు. ఆ తూటా మాత్రం ఆయనది కాదు, జర్మనీ వారిది. బెల్జియం ఇంజినీరు డ్యూడొన్నె సేవ్ ఆ పనిని అందుకొని మ్యాగజైనులో 13 తూటాలు పట్టేలా మలిచి 1935లో పూర్తిచేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ దానిని తయారుచేసింది. ఆ నమూనానే మన ఇషాపూర్ కర్మాగారం అందిపుచ్చుకొని ఆటో 9 ఎం.ఎం. 1ఎ అనే పేరుతో మన సైనికులకు, పోలీసులకు అందించింది.